లెస్మో మలుపుల మధ్య ఆగిపోయిన రేసు

సెప్టెంబర్ 8, 2022, గురువారం. ఇటలీలో మోంజా ఊరు

ఈ ఏడాది ఫార్ములా వన్ రేసుల్లో ఫెరారీ కార్లు ఎక్కడెక్కడ ఆగిపోయాయో నేను ఒక చిన్న నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. మే 22న స్పెయిన్‌లో అందరికంటే ముందున్న షార్ల్ లెక్లేర్ కారులో టర్బో, దానితో పాటు వేడి నుంచి విద్యుత్తు తీసే మోటారు ఎం.జి.యు.-హెచ్ చెడిపోయాయి. జూన్ 12న అజర్‌బైజాన్‌లోని బాకూలో హైడ్రాలిక్స్ లోపంతో కార్లోస్ సైన్జ్ ముందుగా తప్పుకున్నాడు, కాసేపటికే మళ్లీ ముందున్న లెక్లేర్ ఇంజన్ పొగలు కక్కింది. జూలై 10న ఆస్ట్రియాలో సైన్జ్ కారు ఏకంగా అంటుకుంది. మోంజా రేసు నాటికి రెడ్ బుల్ జట్టు డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్‌కు 310 పాయింట్లు, లెక్లేర్‌కు 201. ఈ తేడా అంతా యంత్రం చేసిన పాపమేనని అనలేను. ఫ్రాన్స్‌లో లెక్లేర్ తానే అదుపు తప్పి గోడకు గుద్దుకున్నాడు, మొన్న ఆదివారం నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో సైన్జ్ టైర్లు మార్చే పిట్‌లోకి వచ్చి నిలబడితే నాలుగో టైరు సిద్ధంగా లేదు. ఇన్ని దెబ్బలు తిన్న జట్టుకు సొంతగడ్డ మీద అభిమానులు ఏ ముఖంతో ఎదురొస్తారో చూడాలన్నదే నా ప్రయాణంలోని అసలు కోరిక.

మిలాన్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు వెంట ఉన్నాడు గనుక భాషకు ఇబ్బంది లేదనుకున్నాను గానీ, మొదటి తప్పు భాషలో కాదు, పద్ధతిలో జరిగింది. స్టేషన్ పక్కనున్న బార్‌లో నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లి కాఫీ అడిగితే, ముందు గల్లా దగ్గర డబ్బు కట్టి చీటీ తెమ్మన్నారు. చీటీ తెచ్చాక కప్పుచినో అన్నాను. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. కౌంటర్ వెనకున్న అమ్మాయి ఏమీ అనలేదు, కానీ చంటిపిల్లలకు పాలు కలిపేటప్పటి ముఖం పెట్టింది. "మావయ్యా, ఇక్కడ పాలు కలిసిన కాఫీ పొద్దుటి పూటకే" అని మేనల్లుడు చెవిలో అన్నాడు. అప్పటి నుంచి అందరిలాగే నిలబడి, 1.20 యూరోల నల్ల కాఫీని మూడు గుక్కల్లో ముగించడం అలవాటు చేసుకున్నాను.

ఊరంతా పసుపు రంగు. ఫెరారీ అంటే ఎరుపు అనుకుని వచ్చిన నాకు అది వింతగా తోచింది. మోడెనా నగరపు రంగు పసుపు, గుర్రం బొమ్మ వెనకాల ఉండేదీ అదే. కంపెనీకి డెబ్బయి ఐదేళ్లు నిండిన సందర్భంగా ఈ రేసుకు కార్లకూ డ్రైవర్ల దుస్తులకూ పసుపు పూశారు. మోంజా ట్రాక్‌కు కూడా ఇది నూరో ఏడు, 1922లో కట్టినది. రాత్రి భోజనానికి లుగానెగా అనే ఈ ఊరి సన్న సాసేజ్ వేసి వండిన రిజోత్తో తిన్నాము. కుంకుమపువ్వు రంగుతో, కొంచెం జారుగా, అడుగున వెన్న వాసనతో ఉన్న ఆ అన్నం కోసం మరోసారి వెళ్లినా తప్పు లేదు. బిల్లులో మనిషికి రెండు యూరోలు 'కొపెర్తో' అని అదనంగా కనిపిస్తే పొరపాటనుకుని అడగబోయాను. బల్ల మీద గుడ్డ పరిచి, రొట్టె పెట్టినందుకు ఇక్కడ అందరూ ఇచ్చుకునేదే అది.

సెప్టెంబర్ 9, శుక్రవారం. పార్కు, పాత గోడ, లెస్మో గడ్డి

ట్రాక్ ఉన్నది 688 హెక్టార్ల పార్కులో, దాని చుట్టూ పొడవైన ప్రహరీ. జనం ఎటు వెళితే అటే అనుకుని నడిచి, వేదానో వైపు గేటు దగ్గర తేలాము. మా టికెట్టు ఆ గేటుకు పనికిరాదు. వెనక్కి తిరిగి, మళ్లీ దారి తప్పి, చెట్ల మధ్యలో ఎత్తుగా లేచిన ఒక సిమెంటు గోడ ముందు ఆగాము. అది గోడ కాదు, రోడ్డు. 1955లో కట్టిన వాలు మలుపు అది, ఫార్ములా వన్ కార్లు దాని మీద చివరిసారి పరుగెత్తింది 1961లో. నేను నాలుగు అడుగులు ఎక్కి చూశాను. పై అంచు దగ్గర నిలబడడం మాట అటుంచి, చేతులు ఆనించకుండా సగం దాకా వెళ్లడమే కష్టం. దారి తప్పిన గంటన్నరకు ఇదే ప్రతిఫలం అనుకుని సరిపెట్టుకున్నాము.

రెండు లెస్మో మలుపుల మధ్య గడ్డి వాలులో చోటు దొరికింది. మా పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన లిస్సోనేలో నలభై ఏళ్లు బల్లలూ కుర్చీలూ చేసిన వడ్రంగి. బ్రియాంజా అనే ఈ ప్రాంతానికి కొయ్య సామానే పేరు తెచ్చిన వృత్తి. పని మానేసినా చెవి మీద బల్లపరుపు పెన్సిల్ మానలేదు. కార్లు రాకముందే ఆయన మాకు పీచ్ పండ్లు పంచి, ఏ దేశమో అడిగి, నా నోటు పుస్తకం తీసుకుని తిరగేశారు. ఒక్కో తేదీ దగ్గర వేలు పెట్టి తల ఊపుతూ, బాకూ దగ్గర ఆగి, ఆ పేజీని మడిచేసి నాకు తిరిగి ఇచ్చారు.

మధ్యాహ్నం రెండు గంటలకు మొదటి ప్రాక్టీసు. ముందు రోజు ఎలిజబెత్ రాణి మరణించినందుకు దానికి ముందు ఒక నిమిషం మౌనం పాటించారు. తర్వాత కార్లు వచ్చాయి. అప్పుడు గమనించాను, మిగతా కార్లను ఆ జనం కళ్లతో చూస్తున్నారు, ఫెరారీలను చెవులతో చూస్తున్నారు. రోజ్జా దగ్గరి వంకర దాటి గేర్లు పెంచుకుంటూ లెక్లేర్ మా వైపు వస్తుంటే మాటలు ఆగిపోయేవి. కారు రెండో లెస్మో దాటి చెట్ల వెనక్కి పోయి, సెరాల్యో వైపు శబ్దం సాఫీగా సాగితే మళ్లీ మాటలు మొదలయ్యేవి. ఆపరేషన్ గది బయట కూర్చున్న బంధువులు తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసినట్టుంది. వేడుకకు వచ్చినవాళ్లలో ఇంత భయం ఉంటుందని నేను అనుకోలేదు.

ఆ భయానికి కారణం లేకపోలేదు. మోంజాలో ల్యాపులో, అంటే ట్రాక్ ఒక చుట్టులో, ముప్పాతిక భాగం యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కి పెట్టే నడుపుతారు, కాబట్టి ఇంజన్‌లో ఏ చిన్న బలహీనత ఉన్నా ఇక్కడే బయటపడుతుంది. పైగా ఈ ఏడాది నుంచి ఇంజన్ల రూపకల్పనను కదలకుండా కట్టేశారు. బలం పెంచే మార్పులు చేయకూడదు, మన్నిక కోసమైతే అనుమతి అడిగి చేసుకోవచ్చు. అందుకని ఫెరారీ ముందుగా బలాన్ని చూసుకుని, మన్నికను తర్వాత సరిదిద్దుకునే దారి పట్టిందని చాలామంది భావించారు, నాకూ అదే సబబనిపిస్తుంది. అయితే ఆ 'తర్వాత' వచ్చేలోపే పాయింట్లు చేజారిపోయాయి.

మొదటి ప్రాక్టీసులో లెక్లేర్, సైన్జ్ మొదటి రెండు స్థానాల్లో ఉన్నారు, సాయంత్రం రెండో ప్రాక్టీసులో సైన్జ్ ముందున్నాడు. అంత మంచి రోజున కూడా వడ్రంగి పెద్దాయన నవ్వలేదు. "శుక్రవారం ఎప్పుడూ బాగానే ఉంటుంది" అన్నారు. మేనల్లుడికి ఉడుకు రక్తం. ఆదివారం రెండు కార్లూ చివరిదాకా పరుగెత్తుతాయి చూడండి అన్నాడు. అలా జరిగితే సోమవారం మా ముగ్గురి కాఫీ డబ్బులు ఆయనవి, ఒక్కటి ఆగినా మావి అని పందెం కుదిరింది. సొంత జట్టు చెడిపోవడం మీద పందెం కట్టే అభిమానిని అక్కడే చూశాను. దిష్టి తగలకుండా కాటుక పెట్టినట్టు, చెడును ముందే నోట అనేస్తే అది జరగదన్న నమ్మకం కాబోలు.

సెప్టెంబర్ 10, శనివారం. రొట్టె సంచి మీద గ్రిడ్డు

పొద్దున్నే పెద్దాయన మా కోసం చోటు పట్టి ఉంచారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. విలియమ్స్ జట్టు డ్రైవర్ అలెక్స్ ఆల్బన్‌కు అపెండిసైటిస్ రావడంతో అతని బదులు నిక్ డి వ్రీస్ నడపబోతున్నాడన్న వార్త అప్పటికే గడ్డి మీదంతా పాకింది. దానికి ఆయనకెందుకు సంతోషమో నాకు అర్థం కాలేదు. మేనల్లుడి నోట ఆయన చెప్పిన కథ ఇది.

1988 ఆగస్టు 14న ఎంజో ఫెరారీ చనిపోయారు. నాలుగు వారాలకు మోంజాలో రేసు. ఆ ఏడాది మెక్‌లారెన్‌ను ఆపేవాడు లేడు, పదహారు రేసుల్లో పదిహేను వాళ్లవే. ఆ రోజు మాత్రం అలాన్ ప్రోస్ట్ ఇంజన్ మొరాయించి ఆగిపోయింది. ఇంకా రెండు ల్యాపులు ఉన్నాయనగా, ముందున్న ఐర్టన్ సెన్నా తనకంటే ఒక ల్యాపు వెనకబడ్డ విలియమ్స్‌ను దాటబోయి దానికి తగిలి నిలిచిపోయాడు. గెర్హార్డ్ బెర్గర్, మికేలె అల్బొరేతో నడిపిన ఫెరారీలు మొదటి రెండు స్థానాలూ దక్కించుకున్నాయి. సెన్నాకు తగిలిన విలియమ్స్‌ను నడిపింది జబ్బుపడ్డ మాన్సెల్ బదులు వచ్చిన ష్లెస్సర్. ఆ రేసు జరిగింది సెప్టెంబర్ 11న. "రేపు కూడా సెప్టెంబర్ 11. విలియమ్స్‌లో రేపు కూడా బదులు డ్రైవరే" అని పెద్దాయన రెండు వేళ్లు చూపించారు. అప్పుడు ఆయనకు ముప్ఫై ఏళ్లు, కూర్చున్నది ఈ చెట్ల కిందేనట. ఇలాంటి కొలతలకు నేను లొంగే మనిషిని కాను గానీ, తేదీ కలిసినందుకు నాకు కూడా ఒళ్లు ఝల్లుమంది.

సాయంత్రం నాలుగు గంటలకు, రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్. చివరి ప్రయత్నంలో లెక్లేర్ 1 నిమిషం 20.161 సెకన్లలో ల్యాపు ముగించి పోల్, అంటే మొదటి చోటు, కొట్టాడు. తెర మీద ఆయన పేరు పైకి ఎక్కిన క్షణాన మా వాలు మీద ఎవరూ ఎవరికీ కొత్తవాళ్లు కారు. ముక్కూముఖం తెలియని ఒక లావుపాటి ఆయన నన్ను ఎత్తి దింపాడు. నా చేతిలోని నిమ్మ సోడా ఆయన చొక్కా మీద సగం, నా మీద సగం పడింది.

అసలు తమాషా తర్వాత మొదలైంది. రేసు మొదలయ్యే వరస, అంటే గ్రిడ్డు, ఏమిటో ఎవరికీ తెలియదు. ఈ ఏడాది ఒక్కో డ్రైవర్‌కు మూడు ఇంజన్లే అనుమతి. టర్బోకు, వేడి నుంచీ బ్రేకుల నుంచీ విద్యుత్తు తీసే రెండు మోటార్లకు కూడా మూడేసి, బ్యాటరీకీ దాని కంట్రోల్ ఎలక్ట్రానిక్స్‌కూ రెండేసి. అంతకు మించి వాడితే గ్రిడ్డులో వెనక్కి జరపాల్సిందే. దాటేయడానికి వీలున్న ట్రాక్ గనుక, ఎలాగూ పడాల్సిన శిక్షను ఇక్కడే అనుభవించడం లాభమని జట్లు లెక్క వేసుకుంటాయి. ఈసారి అలా తొమ్మిది మందికి శిక్షలు పడ్డాయి. రెండో వేగవంతుడు వెర్‌స్టాపెన్ అయిదు స్థానాలు, నాలుగో వేగవంతుడు పెరెజ్ పది స్థానాలు వెనక్కి వెళ్లాలి. మూడో వేగవంతుడు సైన్జ్, అయిదో వేగవంతుడు హామిల్టన్ ఏకంగా తోకకు చేరాలి.

వడ్రంగి తన పనీనో రొట్టె తెచ్చుకున్న కాగితపు సంచిని చింపి మోకాలి మీద పరిచి, చెవి మీది పెన్సిల్ తీసి, ఇరవై పేర్లు రాశారు. నూనె మరక పడిన చోట పెన్సిల్ ఎక్కక, అక్కడ ఉండాల్సిన పేర్లను పక్కకు బాణం గీసి రాశారు. ఆయన లెక్కలో వెర్‌స్టాపెన్ నాలుగోవాడు. నేను ఆ సంచి తీసుకుని లెక్క వేస్తే ఏడు వచ్చింది. మా చుట్టూ అయిదారుగురు చేరి, ముందు శిక్షలు తీసేసి పేర్లు సర్దాలా, లేక పేర్లు సర్దుతూ శిక్షలు వేయాలా అని గొంతులు పెంచి వాదించారు. ఆ మాటకొస్తే డ్రైవర్లకే తమ చోటు ఖాయంగా తెలియలేదు. అధికారిక పట్టిక గంటల తర్వాత గానీ రాలేదు. అందులో వెర్‌స్టాపెన్‌ది ఏడో చోటే. గెలిచానన్న గర్వం నాకు ఎక్కువసేపు నిలవలేదు. యంత్రాలు మన్నడం లేదని మొదలైన కథ, కూడికలూ తీసివేతలూ రాకపోతే అర్థం కాని ఆటగా మారిందని పెద్దాయన విసుక్కున్న మాటే రాత్రంతా గుర్తొచ్చింది. ఆయన మాట న్యాయమైనదే.

సెప్టెంబర్ 11, ఆదివారం. యాభై మూడు ల్యాపులు

ఉదయం ఏడుకే గేటు దగ్గర వరస. పార్కులో పొగలు కమ్మే పెనాల మీద సలమెల్లా సాసేజ్ కాలుతోంది. నిలువుగా చీల్చి, అదిమి కాల్చి, ఉల్లిపాయలతో రొట్టెలో పెట్టిస్తే ఎనిమిది యూరోలు. ధర కొంచెం ఎక్కువే అయినా, మూడు రోజుల్లో నేను తిన్న నాలుగూ నన్నెవరూ బలవంతం చేసి తినిపించినవి కావు. ఇటలీ వైమానిక దళం విమానాలు మూడు రంగుల పొగ వదులుతూ తల మీదుగా పోయాయి. అవి పోయాక పెద్దాయన టోపీ తీసి, 1988లో పెట్టుకున్నదే అని ఒక వెలిసిన టోపీ సంచిలోంచి తీసి పెట్టుకున్నారు.

రేసు మొదట్లోనే భయాలు నిజమయ్యే సూచనలు కనిపించాయి, అయితే ఫెరారీలకు కాదు. పెరెజ్ పిట్‌లోకి వచ్చేసరికి ముందు చక్రం బ్రేకులోంచి మంట లేచింది. పన్నెండో ల్యాపులో సెబాస్టియన్ వెటెల్ కారు విద్యుత్ వ్యవస్థ లోపంతో ఆగింది. ఈ సీజన్‌తో రేసులకు సెలవు చెప్పబోతున్న మనిషి, 2008లో ఇదే మోంజాలో మొదటి విజయం సాధించి, తర్వాత ఆరేళ్లు ఫెరారీ నడిపినవాడు. ఆయన చివరి మోంజా రేసు అలా ముగిసినందుకు మా వాలు మీద చప్పట్లు కొట్టారు. ముప్ఫై దాటాక ఫెర్నాండో అలొన్సో ఆల్పీన్, ఆ తర్వాత లాన్స్ స్ట్రోల్ ఆస్టన్ మార్టిన్ కూడా వెళ్లిపోయాయి. ఒక్కో కారు తప్పుకున్నప్పుడల్లా పెద్దాయన నావైపు తిరిగి, నా పుస్తకంలో రాసుకొమ్మని సైగ చేశారు. ఊళ్లో అందరిళ్లకూ జ్వరం వస్తుంటే, మనింటికి ఇంకా రాలేదే అని దిగులు పడే ఇల్లాలిలా ఉన్నారు.

వెటెల్ కారు ఆగినప్పుడు, అందరూ నెమ్మదిగా నడపాల్సిన వర్చువల్ సేఫ్టీ కారు సమయంలో లెక్లేర్‌ను పిట్‌లోకి పిలిచారు. ఏడో చోటు నుంచి అయిదు ల్యాపుల్లోనే రెండో చోటుకు వచ్చిన వెర్‌స్టాపెన్ మాత్రం ట్రాక్ మీదే ఉండి, 25వ ల్యాపులో ఒక్కసారి టైర్లు మార్చుకున్నాడు. లెక్లేర్ 33లో మళ్లీ ఆగాల్సి వచ్చింది. అక్కడి నుంచి వెర్‌స్టాపెన్ పదిహేను సెకన్లకు పైగా దూరంలో హాయిగా సాగిపోయాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు రెడ్ బుల్ వేగంగానే ఉంది, గెలుపు దానిదే అని అప్పటికే తేలిపోయింది. మా వాళ్లంతా పద్దెనిమిదో చోటు నుంచి నాలుగో చోటుకు ఎగబాకిన సైన్జ్‌ను చూసి సంబరపడుతున్నారు.

ఆరేడు ల్యాపులు మిగిలాయనగా మా ఎదుటే అది జరిగింది. మొదటి లెస్మో దాటి వస్తున్న డానియల్ రిక్కియార్డో మెక్‌లారెన్‌లోంచి వచ్చే శబ్దం ఉన్నట్టుండి పలచబడింది. కారు తన బరువుతో తాను దొర్లుతూ వచ్చి పక్కకు ఆగింది. ఆయిల్ కారిపోవడమే కారణమని తర్వాత తెలిసింది. డ్రైవర్ దిగాడు. నారింజ దుస్తుల ట్రాక్ సిబ్బంది, మార్షల్స్, వచ్చి కారును నెట్టబోయారు. అది కదల్లేదు, గేరులో బిగుసుకుపోయింది. ఇంకా ఇద్దరు వచ్చి భుజాలు ఆనించారు, చక్రాలు తిరగలేదు. ఒకాయన చేతులు తుడుచుకుంటూ వెనక్కి జరిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడడం చూశాక, ఇది తేలిగ్గా తెమిలే పని కాదని అర్థమైంది. ఇక క్రేన్ రావాలి.

అన్ని కార్లనూ తన వెనక వరసగా, నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు బయటికి వచ్చింది. జనానికి ప్రాణం లేచి వచ్చింది. లెక్లేర్, వెర్‌స్టాపెన్ ఇద్దరూ పిట్‌లోకి పోయి కొత్త మెత్తని టైర్లు వేసుకుని వచ్చారు. అంతదాకా ఉన్న దూరమంతా ఒక్కసారిగా చెరిగిపోయి, ఒకే ఒక్క ల్యాపు రేసు పెట్టినా చాలు అన్న ఆశ వాలు అంతటా లేచి నిలబడింది. కానీ సేఫ్టీ కారు ముందున్న వెర్‌స్టాపెన్‌ను కాకుండా మూడో చోటులో ఉన్న రసెల్‌ను వెనక వేసుకుంది, కార్లను వరసలోకి తేవడానికి అక్కడ సమయం పోయింది. మా ఎదుట క్రేన్ మెక్‌లారెన్‌ను మెల్లగా ఎత్తుతోంది. నలభై తొమ్మిది, యాభై, యాభై ఒకటి. పెద్దాయన కుర్చీలోంచి లేచి, టోపీ చేత్తో పట్టుకుని, ఆ క్రేన్ వైపు "తొందరగా, తొందరగా" అని మామూలు గొంతుతో అంటూనే ఉన్నారు. రేసు సేఫ్టీ కారు వెనకే ముగిసింది. వెర్‌స్టాపెన్‌కు వరసగా అయిదో గెలుపు, మోంజాలో మొదటి పోడియం, అంటే మొదటి ముగ్గురిలో చోటు. లెక్లేర్ రెండు, రసెల్ మూడు, సైన్జ్ నాలుగు.

ఆ తర్వాత లేచిన ఈలలు నేను మరచిపోలేను. మన దగ్గర ఈల అంటే మెచ్చుకోలు, ఇక్కడ అది తిట్టు. సిగ్గు సిగ్గు అన్న అర్థంలో "వెర్గోన్యా" అని నలువైపులా కేకలు. రేసు ముగించిన తీరు మీద ఆ కోపం, అది పోడియం ఎక్కిన వెర్‌స్టాపెన్ మీదికి కూడా మళ్లింది. అందులో అతని తప్పేమీ లేదు గనుక అది అన్యాయమే. ఒక సంగతి మాత్రం నా పుస్తకంలో అప్పుడే రాసుకున్నాను. బాకూనీ బార్సిలోనానూ వీళ్లు తలరాత అని ఓర్చుకున్నారు, బోల్టు విరిగితే బోల్టును తిట్టి ఊరుకుంటారు. ఈ రోజు ఆపింది యంత్రం కాదు, మనుషుల నిర్ణయం అని తోచేసరికి ఓర్పు పోయింది. క్రేన్ రోడ్డు మీద ఉండగా కార్లను పరుగెత్తించడం ప్రాణాలతో చెలగాటమని నాకు తెలుసు. అయినా అంత దూరం వచ్చిన వాళ్ల నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయిందన్నదీ నిజమే. రెడ్ ఫ్లాగ్ ఊపి అందరినీ ఆపి, చివరి రెండు మూడు ల్యాపులు మళ్లీ పెట్టి ఉండాల్సిందన్నది నా అభిప్రాయం. లెక్లేర్ గెలిచేవాడని మాత్రం నేను పందెం కట్టను.

పెద్దాయన ఈల వేయలేదు. కుర్చీ మడుస్తూ, "1988లో మెక్‌లారెన్ ఇచ్చింది, ఇవాళ తీసుకుంది" అన్నారు. బదులు డ్రైవర్ డి వ్రీస్ మాత్రం మొదటి రేసులోనే తొమ్మిదో చోటు తెచ్చుకుని రెండు పాయింట్లు పట్టుకుపోయాడు.

గేట్లు తెరిచాక జనం ట్రాక్ మీదికి దిగారు. తారు ఇంకా వేడిగా ఉంది, కరిగిన రబ్బరు ఉండలు చెప్పులకు అంటుకుంటున్నాయి. మేనల్లుడు ఒక ఉండను జేబులో వేసుకున్నాడు. మెక్‌లారెన్ ఆగిన చోట ఒక తండ్రి తన కూతురికి, ఇక్కడే అని బూటు ముందు భాగంతో చూపిస్తున్నాడు. అక్కడ ఏమీ లేదు.

సెప్టెంబర్ 12, సోమవారం. బియస్సోనో, కాఫీ బాకీ

మేము దిగింది బియస్సోనోలో. పెద్దాయన ఉదయం తొమ్మిదికి చెప్పిన మాట ప్రకారం వీధి చివరి బార్‌కు వచ్చారు. ఇది పేట బార్ గనుక ముందు తాగి తర్వాత డబ్బు ఇవ్వవచ్చు. ఈసారి తప్పు చేయలేదు. కౌంటర్ మీద గులాబీ రంగు క్రీడా పత్రిక పడి ఉంది, నలుగురు దాని మీదికి వంగి నిన్నటి చివరి ల్యాపుల గురించే మాట్లాడుతున్నారు. ఒకరు సేఫ్టీ కారును, ఇంకొకరు క్రేన్‌ను తప్పుపడుతున్నారు. పన్నెండో ల్యాపులో లెక్లేర్‌ను పిట్‌లోకి పిలవడం వల్లే ఇదంతా అని మూడో మనిషి అన్నప్పుడు అందరూ ఒకేసారి అతని మీద పడ్డారు.

పెద్దాయన నా నోటు పుస్తకం అడిగి తీసుకున్నారు. నిన్న అయిదుగురు తప్పుకున్నారనుకుని, నాలుగు పేర్లే రాశానని చూసి, నికొలస్ లతీఫీ సంగతేమిటని మేనల్లుడిని అడిగారు. లతీఫీ ఆగలేదు, పదిహేనో చోటులో ముగించాడని వాడు ఫోన్‌లో చూపించాడు. అయితే నాలుగే సరి అని ఒప్పుకుని, చెవి మీది పెన్సిల్ తీసి ఆ పేర్ల కింద తన భాషలో ఒక వాక్యం రాశారు. మేనల్లుడు చదివి చెప్పాడు: "ఎర్రవి రెండూ ఇంటికి చేరాయి." దాని పక్కన ఇప్పటి పాయింట్ల తేడా, 116 అని అంకె వేసి చుట్టూ గీత గీశారు.

మూడు కాఫీలకు 3.60 అయింది. జేబులోంచి చిల్లర తీసి కౌంటర్ మీద ఒక్కో నాణెం పరుస్తూ లెక్కపెట్టారు. పందెం ఓడినందుకు ఇంత సంతోషంగా డబ్బు కట్టడం ఈ ఏడాదికి ఇదే మొదటిసారి అని బార్ యజమానితో అన్నారట. ఇరవై సెంట్లు తక్కువైతే మేనల్లుడు ఇవ్వబోయాడు. ఆయన వాడి చేయి పక్కకు తోసి, టోపీ లోపలి మడతలో వెతికి ఒక నాణెం తీశారు.